కాళ్ళు పాతవి, తల కొత్తది



ఈ శీర్షిక క్రింద ఇంటి పనిముట్లను గురించి నెలనెలా ముచ్చటించుకొనుచున్నాము గదా! ఈ నెల కెమెరాను నిలబెట్టే ముక్కాలి స్టాండును గురించి, ముఖ్యముగా దాని తల మార్చే పద్ధతిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. "ఇది ఫోటో స్టూడియోల వారి గొడవ, సంసారులకెందుకు?" అని కొందరనుకొనవచ్చును. కాని నేడు కెమెరా లేని ఇల్లు లేదు. చేతిలోని ఫోను కూడ కెమెరాయే. పెండ్లి, సీమంతము, షష్టిపూర్తి, సంఘ వార్షికోత్సవము, ఏది జరిగినా ఎవరో ఒక కుర్రవాడు మూల నుంచి ముక్కాలిని తీసికొని వచ్చి నిలబెట్టుచున్నాడు. అది ఊగినా, దాని తల ఊడినా పోయేది ఒక్క కెమెరా మాత్రమే కాదు; మరల రాని ఘడియ కూడ పోవును.

ఇంకొక కారణము కూడ ఉన్నది. చాలమంది ఇండ్లలో అటక మీద ఒక పాత స్టాండు పడి ఉండును. తల విరిగినదనియో, కొత్త కెమెరా దానికి పట్టదనియో దానిని పాత సామాన్ల వానికి తూకానికి వేసి, అంతకంటె తేలికపాటిదానిని కొని తెచ్చుకొందురు. ఇది మంచి బేరము కాదు. ముక్కాలిలో ఎక్కువ కాలము మన్నేవి కాళ్ళు. త్వరగా అరిగేది, విరిగేది, పనిని బట్టి మార్చుకోవలసినది తల. తల పోయినంత మాత్రాన కాళ్ళను పారవేయ నక్కరలేదు.

ఏది కాలు, ఏది తల?

ముందుగా భాగములు తెలిసికొందాము. మూడు కాళ్ళు పైన ఒకచోట కలియును. ఆ కలిసినచోట నడుమ నుంచి పైకి లేచే కడ్డీ కొన్నింటికి ఉండును, కొన్నింటికి ఉండదు. ఆ కడ్డీ మీద గాని, కాళ్ళు కలిసిన చోట గాని ఒక చిన్న గుండ్రని పళ్ళెము, దాని మధ్య నిలువుగా ఒక మర ఉండును. ఈ మర మీద త్రిప్పి కూర్చోబెట్టేదే తల. తల అనగా కెమెరాను ఎత్తుటకు, దించుటకు, ప్రక్కలకు త్రిప్పుటకు, కావలసినచోట బిగించుటకు ఏర్పడిన యంత్రము. తల పైన మరల ఒక పలక, ఆ పలకలో ఒక చిన్న మర, దాని మీద కెమెరా.

అనగా కెమెరాకూ నేలకూ మధ్య మూడు అతుకులు ఉన్నవి. కాళ్ళకు తల, తలకు పలక, పలకకు కెమెరా. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వదులైనా మిగిలిన రెండూ ఎంత గట్టివైనా ప్రయోజనము లేదు.

ఒక సంగతి ముందే చెప్పవలెను. మిక్కిలి చౌకరకము స్టాండ్లలో తల ఊడదు. నడిమి కడ్డీతో కలిపి ఒకే ముద్దగా పోతపోసి గాని, రివెట్లు కొట్టి గాని అమ్ముదురు. వాటికి తల మార్చవలెనని పెనగులాడరాదు. కొనేటప్పుడే "తల ఊడివచ్చునా?" అని అడిగి, ఊడదీయించి చూచి కొనుట మంచిది.

రెండు నూళ్ళు, మూడు నూళ్ళు

తల కొనే ముందు తెలిసికోవలసిన అసలు లెక్క ఒక్కటే, మర కొలత. ప్రపంచములో ఏ దేశపు కెమెరా అయినా, ఏ దేశపు స్టాండు అయినా, సాధారణముగా రెండే రెండు కొలతలు వాడుచున్నారు. ఒకటి 1/4 అంగుళము, రెండవది 3/8 అంగుళము. తమిళనాట పనివారు అంగుళములో ఎనిమిదవ వంతును "నూల్" అందురు. హిందీ మాటలాడే పనివారు "సూత్" అందురు. కనుక చెన్నపట్నములోనో కోయంబత్తూరులోనో ఉన్న మనవారు దుకాణములో "రెండు నూల్, మూడు నూల్" అనియు, బొంబాయి వైపు ఉన్నవారు "రెండు సూత్, మూడు సూత్" అనియు అడిగిన చాలును, పనివానికి తెలిసిపోవును.

కెమెరా అడుగున ఉండే రంధ్రము సాధారణముగా 1/4 అంగుళముది. ఫోనును పట్టుకొనే బిగింపులకు కూడ ఇదే. స్టాండు కాళ్ళకూ తలకూ మధ్య ఉండే మర పెద్దవాటిలో 3/8, చిన్నవాటిలో 1/4.

అంగుళముల లెక్క పోయి మిల్లీమీటర్ల లెక్క వచ్చి ఎంతో కాలమైనది గదా, ఇక్కడ మాత్రము అంగుళము ఎందుకు నిలిచినదని పిల్లలడుగుదురు. దీనికొక చరిత్ర ఉన్నది. పూర్వము ఇంగ్లండులో ఒక్కొక్క కర్మాగారమువారు ఒక్కొక్క తీరున మరలు కోసేవారు. ఒకరి బోల్టు మరొకరి నట్టుకు పట్టేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు అనేక కర్మాగారముల నుంచి మరలను సేకరించి, వాటి సగటును చూచి, 1841లో అందరికీ ఒకే తీరును ప్రతిపాదించెను. ఆ లెక్కలో 1/4 అంగుళపు మరకు అంగుళమునకు 20 చుట్లు, 3/8 మరకు 16 చుట్లు. ఫోటోగ్రఫీవారు ఈ కొలతలనే పట్టుకొన్నారు. తరువాత 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా దేశములు కూడి మరలకు మరియొక ఉమ్మడి పద్ధతిని ఒప్పుకొన్నవి. అందులో చుట్టు పంటి కోణము 55 డిగ్రీలకు బదులు 60 డిగ్రీలైనది. కాని ఈ రెండు కొలతలకూ చుట్ల సంఖ్య మాత్రము 20, 16 గానే ఉండిపోయినది. అందుచేతనే తాతగారి నాటి స్టాండు మీద మనుమని కెమెరా నేటికీ కూర్చొనుచున్నది. అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ కూడ ముక్కాలి అతుకుల కొరకు 1222 సంఖ్య గల ప్రమాణములో ఈ రెండు కొలతలనే ఉంచినది.

ఇక్కడే ఒక ప్రమాదము పొంచి ఉన్నది. మన ఊరి ఇనుప దుకాణములో సులభముగా దొరికేవి మిల్లీమీటరు బోల్టులు. 3/8 అంగుళము అనగా రమారమి 9.5 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్ల బోల్టు చూపునకు దాని అన్నదమ్ముని వలె ఉండును. 1/4 అంగుళము అనగా 6.35 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్ల బోల్టు దానికి కవల పిల్లవలె ఉండును. కాని చుట్ల దూరము వేరు. 1/4 అంగుళపు మరలో చుట్టుకూ చుట్టుకూ దూరము 1.27 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్ల మామూలు బోల్టులో 1 మిల్లీమీటరు. ఒకటి రెండు చుట్లు దిగి బిగుసుకొనును. "ఇంకొంచెము బలముగా త్రిప్పితే దిగునులే" అని రెంచి పట్టినవారు లోపలి మరను నాశనము చేసికొందురు. కొండ నాలుకకు మందు వేయబోతే ఉన్న నాలుక ఊడినట్లగును.

మర ఏదో తేల్చుకొనుటకు సులభమైన ఉపాయమున్నది. మరను ఒక కాగితము మీద గట్టిగా అదిమిన చుట్ల అచ్చు పడును. స్కేలు పెట్టి పావు అంగుళములో ఎన్ని గీతలున్నవో లెక్కించవలెను. అయిదైన అది 1/4 మర, నాలుగైన 3/8 మర. ఆరు దాటిన అది మిల్లీమీటర్ల చిన్న బోల్టు, మనది కాదు. 10 మిల్లీమీటర్ల బోల్టును మాత్రము గీతలతో పట్టుట కష్టము; దానికి లావు కొలిచి చూడవలెను.

చిన్న బుష్షు, పెద్ద ఉపకారము

స్టాండు మర ఒక కొలత, తల రంధ్రము మరొక కొలత అయినప్పుడు ఏమి చేయవలెను? ఇందుకు బుష్షు అనే ఒక చిన్న ఇత్తడి లేక ఉక్కు బిళ్ళ దొరకును. దాని వెలుపల 3/8 మర, లోపల 1/4 మర ఉండును. పెద్ద రంధ్రము గల తలను చిన్న మర గల స్టాండు మీద కూర్చోబెట్టవలెనన్న, ఈ బుష్షును తల అడుగు రంధ్రములో దించవలెను. దానికి గాటు ఉండును. నాణెము అంచుతో గాని, వెడల్పు స్క్రూడ్రైవరుతో గాని త్రిప్పవచ్చును. బుష్షు పైకి పొడుచుకొని రాకూడదు. తల అడుగుతో సమముగా గాని, వెంట్రుకవాసి లోపలికి గాని ఉండవలెను. పొడుచుకొని వచ్చినచో తల పళ్ళెము మీద ఆనక, బుష్షు మీదనే నిలిచి ఊగును.

దీనికి తలక్రిందులైన చిక్కు కూడ ఉన్నది. స్టాండు మర 3/8, తల రంధ్రము 1/4. ఇప్పుడు బుష్షు పనికిరాదు. ఇందుకు వేరే అతుకు అమ్ముదురు గాని, దానివలన ఎత్తు పెరిగి అతుకు బలము తగ్గును. దానిని కొనే ముందు పళ్ళెము నడుమనున్న మరను పరీక్షించవలెను. అనేక స్టాండ్లలో ఆ మరకు ఒక కొన 3/8, రెండవ కొన 1/4 ఉండును. ఊడదీసి తిరగవేసిన సరిపోవును. దమ్మిడీ ఖర్చు లేదు.

పాత తల ఊడదీయుట

తల ఊడదీయువారు మొట్టమొదట కెమెరాను తీసి బల్ల మీద పెట్టవలెను. ఇది చెప్పవలెనా అని నవ్వకండి. ఆత్రగానికి బుద్ధి మట్టు అన్నారు.

తరువాత పళ్ళెమును క్రింది వైపు నుంచి చూడవలెను. చాల స్టాండ్లలో అక్కడ ఒకటి గాని మూడు గాని సన్నని మరమేకులు దాగి ఉండును. ఇవి క్రింద నుంచి పైకి వచ్చి తల అడుగును అదిమి పట్టి, తల తనంతట తాను తిరిగి ఊడిపోకుండా కాపాడును. వీటిని అలెన్ కీతో గాని, సన్నని స్క్రూడ్రైవరుతో గాని ముందు సడలించవలెను. వీటిని మరచి తలను బలవంతముగా త్రిప్పినవారికి తల అడుగున గుండ్రని గాట్లు పడును.

అటుపిమ్మట తలను ప్రక్కలకు త్రిప్పే మరను గట్టిగా బిగించవలెను. లేనియెడల మీరు ఎంత త్రిప్పినా తల పైభాగమే తిరుగునుగాని అడుగు కదలదు. ఇప్పుడు ఒక చేత కాళ్ళు కలిసిన చోటును, రెండవ చేత తల అడుగు భాగమును పట్టుకొని, పై నుంచి చూచినప్పుడు గడియారపు ముల్లు తిరిగే దిశకు ఎదురుగా త్రిప్పవలెను. తల పిడిని పట్టుకొని త్రిప్పరాదు, పిడి విరుగును.

చాల ఏండ్లు బిగిసి ఉన్న తల ఒకంతట రాదు. సముద్రపు గాలి తగిలే చెన్నపట్నము, యానాము, గోపాలపురము వంటి చోట్ల అల్యూమినియము, ఉక్కు కలిసిన అతుకులు తుప్పు పట్టి పట్టుకొనిపోవును. అప్పుడు పళ్ళున్న రెంచి పెట్టరాదు. సైకిలు ట్యూబు ముక్కను తల అడుగు చుట్టూ బిగువుగా చుట్టి పట్టుకొన్న పట్టు జారదు. అయినా రాకున్న తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు మర సందులో వేసి రాత్రంతా ఉంచవలెను. ఆ నూనె తల లోపలికి పోనీయరాదు. గుండు తలలలో గుండు నిలుచుట రాపిడి వలననే. అక్కడ నూనె పడిన, పట్టు పోయి కెమెరా వ్రాలిపోవును.

కొత్త తల కూర్చోబెట్టుట

పళ్ళెమునూ, కొత్త తల అడుగునూ పొడి గుడ్డతో తుడువవలెను. ఒక్క ఇసుక రేణువు చాలును, తల వంకరగా కూర్చొనుటకు. తలను మర మీద ఉంచి మొదట వెనుకకు, అనగా విప్పే వైపునకు, మెల్లగా త్రిప్పవలెను. ఒకచోట చిన్నగా "టక్" మని దిగినట్లు చేతికి తెలియును. రెండు చుట్ల మొనలు ఎదురెదురుగా వచ్చిన గుర్తు అది. అక్కడ నుంచి ముందుకు త్రిప్పిన మర అడ్డదిడ్డముగా పడదు. వేళ్ళతోనే సులభముగా నాలుగైదు చుట్లు దిగవలెను. వేళ్ళకు దిగనిది రెంచికి దిగరాదు. ఇది ఈ పనిలో మొదటి నీతి.

తల అడుగు పళ్ళెమునకు అంతటా ఆనినదా అని చూడవలెను. మర పొడవెక్కువై, తల రంధ్రము లోతు తక్కువైనచో మర కొన లోపల తగిలి, అడుగున సందు మిగులును. అట్టి తల బిగువుగానే కనిపించును గాని నిలువదు. పొట్టి మరను తెచ్చి వేసికొనవలెను.

చివరకు అడుగునున్న సన్న మరమేకులను కొద్దిగా బిగించవలెను. తల అడుగు లోహమైననే ఈ పని. ప్లాస్టిక్ అయిన ఆ మేకులు దానిని తొలుచును. వాటిని సడలించి ఉంచి, తలనే గట్టిగా త్రిప్పి ఊరుకొనవలెను.

ఈ మేకుల అవసరము ఎప్పుడు తెలియుననగా, ఊరేగింపును వీడియో తీయునప్పుడు. కెమెరాను ఎడమ ప్రక్కకు త్రిప్పుట అనగా తలను విప్పే దిశకు త్రిప్పుటయే. తిరిగే భాగము బిగువుగా ఉండి, అడుగున మేకులు లేకున్న, పల్లకి వెంట కెమెరాను త్రిప్పుచుండగానే తల కొంచెము కొంచెముగా విప్పుకొనును. తీసేవారి కన్ను దేవుని మీదనే ఉండును గాని మర మీద ఉండదు గదా! కనుక మేకులు బిగించుట మరువరాదు.

ఏ పనికి ఏ తల?

బోడిగుండుకూ మోకాలికీ ముడి వేసినట్లు ఏ తలనైనా ఏ పనికైనా వాడబోయిన కష్టము. నాలుగు రకములు తెలిసిన చాలును.

మొదటిది మూడు పిడుల తల. పైకి క్రిందికి ఒక పిడి, ప్రక్కలకు ఒకటి, వాల్చుటకు ఒకటి. ఒక దిక్కును మార్చినా మిగిలినవి కదలవు. నలువది మంది బంధువులను మూడు వరుసలుగా నిలబెట్టి తీసే పెండ్లి ఫోటోకు, ఇంటి ముంగిలి ఫోటోకు ఇది మేలు. పని నిదానము, ఫలితము నికరము.

రెండవది గుండు తల. గిన్నెలో ఇనుప గుండు వలె నలువైపులకూ తిరుగును. ఒక్క మర బిగించిన నిలుచును. త్వరగా పని జరుగును. పిల్లలు ఆడుకొను చోటికి, ప్రయాణములకు తగినది. అయితే మర వదలునప్పుడు కెమెరాను రెండవ చేత పట్టుకొననిచో ఒక్కసారిగా వ్రాలి వ్రేళ్ళు నలుగును.

మూడవది వీడియో తల. లోపల చిక్కని ద్రవము గాని గ్రీజు గాని ఉండి, కదలికను మెత్తగా, ఒకే వేగముతో సాగనిచ్చును. హరికథను, నాటకమును, పెద్దల సంభాషణను చిత్రించుటకు ఇదియే. పెద్ద వీడియో తలలకు అడుగు చదునుగా ఉండదు. అర్ధగోళము వలె ఉండి, గిన్నె వంటి స్టాండులో కూర్చొనును. ఆ గిన్నెలు 75, 100, 150 మిల్లీమీటర్ల కొలతలలో వచ్చును. చదును పళ్ళెపు స్టాండు ఉన్నవారు కొనే ముందు అడుగు ఏ రకమో అడుగవలెను.

నాలుగవది ఉయ్యాల తల. బరువైన పొడవు లెన్సును సమతూకముగా వ్రేలాడదీయును. పక్షుల ఫోటోలు తీయువారికి తప్ప సంసారులకు దీని అవసరము లేదు.

తల పైనుండే పలకల విషయములో జాగ్రత్త వలెను. త్వరగా పెట్టి తీయుటకు వీలుగా పలకలు వచ్చినవి గాని, ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క ఆకారము పెట్టినది. వీటిలో ఆర్కా-స్విస్ అనే కంపెనీ పేర పిలువబడే ఏటవాలు అంచుల పలక బహుళ ప్రచారములో ఉన్నది. దానిని అనుసరించి అనేకులు తయారు చేయుచున్నారు. అయితే వెడల్పులో కొంచెము తేడాలుండును. మర త్రిప్పి బిగించే రకము ఆ తేడాను సర్దుకొనును. మీట నొక్కి బిగించే రకము కొన్నిటికి సర్దుకొనదు. బిగించిన తరువాత కెమెరాను చేత పట్టుకొనియే ఒకసారి లాగి చూచి, ఆ పిమ్మట వదలవలెను. ఇంటిలో ఎన్ని కెమెరాలున్నా అన్నిటికీ ఒకే రకము పలక పెట్టుకొన్న చిక్కులుండవు. ఇక కెమెరాలోకి పోయే మర సుమారు అయిదు మిల్లీమీటర్ల పొడవు చాలును. దుకాణములో దొరికిన పొడుగు బోల్టును కెమెరా అడుగున దించిన, దాని పొట్ట చీల్చినట్లే.

బరువు మాట

తల మీద "ఇన్ని కిలోలు మోయును" అని వ్రాసి ఉండును. ఆ లెక్క కట్టుటకు అందరూ ఒప్పుకొన్న పద్ధతి ఏదియు లేదు. ఎవరి లెక్క వారిది. కనుక మన కెమెరా, లెన్సు కలిసి ఎంత బరువో దానికి రెండు మూడు రెట్లు వ్రాసిన తలను తీసికొనుట క్షేమము. బరువైన తలను బక్క కాళ్ళ మీద పెట్టుట కూడ తప్పే. తల తూకము పెరిగినకొద్దీ స్టాండు పైభాగము బరువై, ఒక కాలు ఎవరి కొంగుకో తగిలినంత మాత్రాన పడిపోవును. నడిమి కడ్డీని అవసరమైననే పైకి లాగవలెను. ముందుగా కాళ్ళనే పొడిగించవలెను. ఒక కాలు కెమెరా చూచు దిక్కునకు ఉండునట్లు నిలిపిన, ముందుకు తూగే బరువును ఆ కాలు కాచును. నడుమ కొక్కెము ఉన్న, దానికి ఒక సంచిలో రెండు ఇటుకలు వేసి నేలకు ఆనీ ఆనకుండ వ్రేలాడదీయుట మంచిది.

కర్ర కాళ్ళు పారవేయకండి

మనవారిలో కొన్ని కుటుంబములు పూర్వము ఫోటో స్టూడియోలు నడిపినవి. వారి ఇండ్లలో గాజు పలకల కెమెరాల కాలపు కర్ర ముక్కాళ్ళు నేటికీ ఉండవచ్చును. కర్ర కదలికను తనలో ఇముడ్చుకొనును. అందుచేత అవి మిక్కిలి నిలకడ గలవి. వాటిలో చాలవాటికి తల అనేది ఉండదు. పైన ఒక కర్ర బిళ్ళ, దానిలో రంధ్రము, క్రింద నుంచి వచ్చే చేతి మర. ఆ మర 3/8 అంగుళముదైన కొత్త తల నేరుగా కూర్చొనును. 1/4 అయిన పైన చెప్పిన బుష్షు ఉన్నది. మర పోయి ఉన్న, లేతు పనివారు గంటలో ఒకటి కోసి ఇత్తురు. 3/8 అంగుళము, అంగుళమునకు 16 చుట్లు అని కాగితము మీద వ్రాసి ఇచ్చిన చాలును. కర్ర బిళ్ళకూ తలకూ మధ్య పలుచని తోలు ముక్క గాని కార్కు ముక్క గాని వేసిన జారదు.

భూమి కొలతల వారి స్టాండ్లు కూడ కొన్నిచోట్ల చౌకగా దొరకును. వాటి మర 5/8 అంగుళము, అంగుళమునకు 11 చుట్లు. దానిని 3/8కి మార్చే అతుకులు ఉన్నవి. అయితే కొన్ని మైకు స్టాండ్ల మర కూడ 5/8 అంగుళమే గాని, వాటికి 27 చుట్లు. పేరు ఒకటే అయినా ఒకదానికొకటి పట్టదు. కొనువారు ఇది గుర్తుంచుకొనవలెను.

ఇక మా విన్నపము

పాఠకులారా, ఇంత వివరముగా వ్రాయుటకు కారణము లేకపోలేదు. తరతరాలుగా తెలుగుదేశమునకు వెలుపల స్థిరపడిన మన ఇండ్లలో రెండు విధములైన సంపద త్వరత్వరగా తరిగిపోవుచున్నది. మొదటిది పెద్దల గొంతు. బరంపురములో, షోలాపూరులో, హోసూరులో, బెంగుళూరులో మన అవ్వలు మాట్లాడే తెలుగు, వారు పాడే మంగళహారతులు, వారు చెప్పే వలస కథలు పుస్తకములలో లేవు. రెండవది గోడల మీది పాత ఫోటోలు, పెట్టెలలోని దస్తావేజులు, ఉత్తరములు. చెమ్మకు, చెదలకు అవి నశించుచున్నవి.

అవ్వ మాటలను చేతితో ఫోను పట్టుకొని తీయబోయిన అయిదు నిమిషములకే చేయి వణకును. తీసేవాడు అలసిపోయినాడని తెలిసి అవ్వ కూడ కథను కుదించివేయును. స్టాండు మీద వీడియో తల పెట్టి, ఆమె కండ్ల ఎత్తునకు సరిచేసి, బిగించి, తీసేవారు ఆమె ఎదుట చాప మీద కూర్చొని వినవలెను. అప్పుడు ఆమె యంత్రముతో కాక మనుమనితో మాట్లాడును.

పాత ఫోటోలకు నకళ్ళు తీయుటకు కెమెరా నిట్టనిలువుగా క్రిందికి చూడవలెను. నడిమి కడ్డీని ఊడదీసి తలక్రిందులుగా దిగవేసి, దాని కొనకు తలను బిగించుటకు వీలున్న స్టాండ్లు అనేకము ఉన్నవి. అప్పుడు కెమెరా మూడు కాళ్ళ నడుమ వ్రేలాడును; క్రింద ఫోటోను పరచవచ్చును. బొమ్మ మీద కాళ్ళ నీడ పడకుండ కిటికీ వెలుగును రెండు వైపుల నుంచి రానీయవలెను. ఫోటో ఉన్నచోట ఒక చిన్న అద్దమును పెట్టి, కెమెరాలో చూచినప్పుడు ఆ కెమెరా కన్నే సరిగా నడుమ కనిపించిన, రెండూ సమముగా ఉన్నవని గుర్తు. వెలకట్టలేని ఫోటో మీద కెమెరా వ్రేలాడుచున్నప్పుడు తల బిగింపును రెండుసార్లు పరీక్షించుట మన ధర్మము.

ప్రతి ఇంటిలోను ఇన్ని తలలు కొననక్కరలేదు. ఒక ఊరి సంఘమువారు ఒక మంచి జత కాళ్ళను, ఒక మూడు పిడుల తలను, ఒక వీడియో తలను ఉమ్మడిగా ఉంచుకొన్న పది ఇండ్లకు ఉపయోగపడును. వాటితో కూడ ఒక చిన్న తగరపు డబ్బాలో రెండు బుష్షులు, ఒక అలెన్ కీల జత, వెడల్పు స్క్రూడ్రైవరు, సైకిలు ట్యూబు ముక్క, పొడి గుడ్డ ఉంచి, మూత మీద తెలుగులో "ముక్కాలి సామాను" అని వ్రాసి పెట్టవలెను. తీసికొని పోయినవారు తిరిగి ఇచ్చునప్పుడు డబ్బా మూత తీసి లెక్క చూచుకొన్న, ఎవరికీ మాట పట్టింపులుండవు.

ఈ ఆదివారము తీరిక చేసికొని అటక మీద ఒకసారి చూడండి. ఇంటిలో పెద్దవారున్న, వారి ఓపికను బట్టి ఒక పూట నిర్ణయించుకొనండి. కొత్త తల రేపైనా దొరకును. అవ్వ చెప్పే కథ రేపటికి ఉండునో లేదో ఎవరు చెప్పగలరు?

మీ అనుభవములను, సందేహములను మాకు వ్రాయగోరుచున్నాము. సెలవు.